కొండ యెక్కుటకు ఎన్ని పళ్ళు కావలెను?

రోడ్డు సైకిలు క్రొత్తగా కొన్నవారిలో పెక్కుమందికి, చదునైన బాటపై గాలితో పందెము వేసిన ఆ సన్నని చక్రముల వాహనము మొదటి ఘాట్ రోడ్డు మలుపులోనే మొరాయించినప్పుడు, దోషము తమ కాళ్ళదా లేక సైకిలుదా యను సందేహము కలుగును. తోడి సైకిలిస్టులు సామాన్యముగా కాళ్ళదే యందురు. ఇంకను సాధన చేయవలెననియు, ఒళ్ళు తగ్గవలెననియు, ఆరు నెలలు విడువక తొక్కినచో అదే కొండ నల్లేరుపై బండినడక యగుననియు ధైర్యము చెప్పుదురు. సాధనను నిరసించుట నా యుద్దేశము కాదు. కాని నేను చూచినంతలో ఇట్టి సందర్భములలో నేరము కాళ్ళకంటె పళ్ళదే యెక్కువ; అనగా, ముందువైపు పళ్ళచక్రములకును వెనుకవైపు పళ్ళచక్రములకును గల పళ్ళ సంఖ్య, ఆ సైకిలును నిజముగా తొక్కు మనిషికి గాక, అతనికంటె రెండింతల సత్తువ గల పందెగానికి తగినట్లు ఏర్పరుపబడి యుండుటయే ఆయాసమునకు మూలకారణము.

పళ్ళ లెక్కకు భాగహారము వచ్చిన చాలును. పెడళ్ళ దగ్గర నుండు పెద్ద పళ్ళచక్రమును చైన్‌రింగ్ అనియు, వెనుక చక్రపు ఇరుసుపై చిన్నది మొదలు పెద్దదానివరకు వరుసగా పేర్చిన పళ్ళబిళ్ళల కట్టను క్యాసెట్ అనియు సైకిలు దుకాణములలో వ్యవహరింతురు. ముందరి పళ్ళను వెనుకటి పళ్ళచే భాగింపగా వచ్చు సంఖ్య, పెడలు ఒక్కచుట్టు తిరుగునప్పుడు వెనుక చక్రము ఎన్నిచుట్లు తిరుగునో చెప్పును. నేటి రోడ్డు సైకిలు చక్రము ఒక్కమారు దొర్లిన సుమారు 2.1 మీటర్లు సాగును గనుక, ముందు 50, వెనుక 25 పళ్ళున్నచో పెడలు ఒక్కచుట్టునకు బండి 4.2 మీటర్లును, ముందు 34, వెనుక 34 ఉన్నచో 2.1 మీటర్లును ముందుకు పోవును. ఈ దూరము ఎంత తగ్గిన గేరు అంత తేలిక. పాలక్యానులను, బియ్యపు బస్తాలను మోసిన మన పాత నల్ల సైకిలుకు ముందు నలువదికి పైబడిన పళ్ళును, వెనుక పదునెనిమిదో ఇరువదియో పళ్ళును ఉండి, పెడలు ఒక్కచుట్టునకు బండి ఇంచుమించు ఐదు మీటర్లు సాగెడిది. దానితో రైలు వంతెన ఎక్కవలసి వచ్చినప్పుడు దిగి తోసికొనిపోవుటలో ఏ పెద్దమనిషికిని నామోషీ లేకుండెను. ఇరువది గేర్ల సైకిలు వచ్చిన పిమ్మటనే, దిగి నడచుటకు మనము సిగ్గుపడ మొదలిడితిమి.

కొండపై మనము చెల్లింపవలసిన మూల్యమును ప్రకృతియే నిర్ణయించినది. అందు బేరము లేదు. 75 కిలోల మనిషి, నీళ్ళసీసాలతో కూడ 10 కిలోల సైకిలు, వెరసి 85 కిలోల భారము, నూటికి పది ఏటవాలు గల దారిపై, అనగా నూరు మీటర్లు సాగునప్పటికి పది మీటర్లు పైకెక్కు దారిపై, గంటకు 8 కిలోమీటర్ల వేగమున పోవుటకు భూమ్యాకర్షణ నెదిరించుటకే సుమారు 185 వాట్ల శక్తి కావలెను. టైర్ల రాపిడిని, చైను రాపిడిని కలుపుకొన్నచో అది 200 వాట్ల దాపునకు చేరును. ఏ గేరు వేసినను ఇందులో ఒక్క వాటైనను మాఫీ కాదు. గేరు చేయగలిగినదంతయు ఆ అప్పును చిన్న చిన్న కిస్తులుగా విడగొట్టుట మాత్రమే. అదే 8 కిలోమీటర్ల వేగమునకు, ముందు 39 వెనుక 25 పళ్ళతో నిమిషమునకు 41 చుట్లు తొక్కవలసియుండగా, 34-28 తో 52 చుట్లును, 34-34 తో 63 చుట్లకు పైగాను, 30-34 తో 72 చుట్లును తొక్కవలెను. పెడలును పట్టియుంచు 170 మిల్లీమీటర్ల క్రాంకుపై, మొదటి సందర్భమున పాదము మోపవలసిన బలము చుట్టంతటికిని సగటున 28 కిలోల బరువునకు సమానము కాగా, చివరి సందర్భమున 16 కిలోలు చాలును. ఇది సగటు మాత్రమే. పెడలు ముందునుండి క్రిందికి దిగు భాగముననే బలములో హెచ్చుపాలు పడును గనుక, ఆ క్షణమున తొడయు మోకాలును మోయునది ఇంతకంటె చాల అధికము. పది కిలోమీటర్ల కొండపై ఇట్టి నొక్కులు వేలసంఖ్యలో నుండును.

ఇచట ప్రతిపక్షమునకు చెందిన ఒక వాదమును కూడ వినవలసియున్నది. పెడళ్ళను మెల్లగా త్రిప్పుటలో ప్రాణవాయువు వ్యయము కొంత తక్కువ యని శారీరశాస్త్ర ప్రయోగములు చూపినవి. తక్కువ శక్తితో తొక్కువారికి నిమిషమునకు 60 చుట్ల ప్రాంతమే మిక్కిలి పొదుపైన దనియు తేలినది. కావున పందెగాండ్రవలె 90 చుట్లు త్రిప్పవలెనను పట్టుదల సామాన్యునకు అక్కరలేదు. అయినను ఘాట్ రోడ్డుపై దిగిపోయినవారిని విచారించినచో, ఊపిరి చాలక దిగినవారికంటె తొడలు మంటలెత్తి, మోకాలి చిప్ప క్రింద పోటు పుట్టి దిగినవారే యెక్కువ మంది కనబడుదురు. నిమిషమునకు నలువది చుట్లతో బలవంతముగా నొక్కునప్పుడు, త్వరగా అలసిపోవు కండరపు పోగులు కూడ పనిలోనికి దిగవలసివచ్చును. అవి ఒకమారు అలసినచో త్వరగా తేరుకొనవు. 60 నుండి 75 చుట్ల నడుమ తొక్కగల గేరు చేతిలో నున్నచో ఊపిరికిని, తొడలకును న్యాయము జరుగును.

తేలిక గేరును చిన్నచూపు చూచుట నిన్న మొన్న పుట్టిన జాడ్యము కాదు. ఆన్రి దెగ్రాంజ్ అను ఫ్రెంచివాడు 1893 లో గంటకు 35 కిలోమీటర్లకు పైగా తొక్కి మొదటి గంట రికార్డు స్థాపించినవాడు, 1903 లో టూర్ ద ఫ్రాన్స్ పందెమును నెలకొల్పినవాడు, పత్రికా సంపాదకుడు. 1902 లో కొండదారులపై గేర్ల సామర్థ్యమును పరీక్షించుటకై జరిగిన ఒక పోటీలో, ఒకే గేరు సైకిలుపై వచ్చిన పేరుమోసిన పందెగానిని, మూడు గేర్ల సైకిలుపై వచ్చిన మార్త్ హెస్ అను స్త్రీ ఓడించినదని సైకిలు చరిత్రకారులు చెప్పుదురు. అంతటి ప్రత్యక్ష ప్రమాణమును చూచియు దెగ్రాంజ్ తన మతమును మార్చుకొనలేదు. మార్చుకొను గేర్లు నలువదియైదేండ్లు దాటినవారికి మాత్రమే తగుననియు, కండబలముతో గెలుచుటయే ఘనతయనియు ఆయన నిశ్చయము. ఫలితముగా, 1910 లో పిరనీస్ పర్వతములలోని 2,115 మీటర్ల తుర్మలే కనుమను పందెపుదారిలో చేర్చియు, చైనును ఒక పళ్ళచక్రమునుండి మరియొకదానికి మరల్చు డీరైలర్ అను సాధనమును 1937 వరకు పందెగాండ్రకు నిషేధించిరి. వారి వెనుక చక్రమునకు ఇరువైపుల చెరియొక పళ్ళచక్ర ముండెడిది. కొండ మొదట దిగి, చక్రమును ఊడదీసి, ఇటునటు త్రిప్పి బిగించుకొనుటయే నాటి గేరు మార్పు. 1927 లో ఇటలీలోని క్రోచె దౌనె కనుమపై మంచులో చేతులు కొంకర్లుపోయి, చక్రపు మరలు విప్పలేక పందెమును పోగొట్టుకొన్న తుల్లియో కంపాన్యోలో, ఆ పరాభవమునుండియే చక్రమును ఒక్క మీటతో విప్పు ఉపాయమును కనుగొనెనను కథ సైకిలిస్టులలో మిక్కిలి ప్రసిద్ధము.

దెగ్రాంజ్ కాలముననే సెంతెత్యెన్ పట్టణమున పోల్ ద వివీ యను మరియొక సంపాదకుడుండెను. వెలోసియో యను మారుపేరుతో వ్రాసిన ఈయన, పందెములతో నిమిత్తము లేని సామాన్యులు దూరదేశములు తిరుగుటకే సైకిలు పుట్టినదని నమ్మి, తన యూరిపైనున్న కనుమ నెక్కుచు, దిగుచు రకరకముల గేర్లను తన శరీరముపైననే పరీక్షించి, ఆ ఫలితములను ల సిక్లిస్ట్ అను తన పత్రికలో ప్రకటించుచుండెను. చరిత్ర ఇద్దరిలో ఎవరి పక్షము వహించినదో చెప్పనక్కరలేదు గాని, దుకాణములోని సైకిలు మాత్రము చాలకాలము దెగ్రాంజ్ పక్షముననే యుండెను. ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో ముందు 53-39, వెనుక 23 గాని 25 గాని పెద్దబిళ్ళగా గల సైకిలునే, పందెగాడు తొక్కునది గనుక, ఉద్యోగస్థునికిని అమ్మిరి. ముందు 50-34 పళ్ళ కాంపాక్ట్ క్రాంకు ఈ శతాబ్దపు ఆరంభమున గాని వ్యాప్తిలోనికి రాలేదు.

ఇప్పటి విచిత్రమేమనగా, ఆ పందెగాండ్రే తేలిక గేర్లకు మరలిరి. 1999 లో స్పెయిను పందెములో ప్రవేశపెట్టిన ఆంగ్లీరు కొండ 12.5 కిలోమీటర్ల పొడవున సగటు నూటికి పదిగాను, ఒకచోట నూటికి 23.5 గాను నిలువున లేచును. అట్టి కొండలపై 39-25 తో మహామహులు కూడ రోడ్డున అటునిటు పాములవలె మెలికలు తిరుగవలసివచ్చినది. 2021 లో షిమానో సంస్థ తన అగ్రశ్రేణి డ్యూరా-ఏస్ పరికరములను క్రొత్తగా విడుదల చేసినప్పుడు, పందెగాండ్రకై ముందు 54-40 చైన్‌రింగులను, వెనుక 11-34 క్యాసెట్‌ను చేర్చెను. 40 ని 34 చే భాగించిన 1.18 వచ్చును. మన వీధిలోని ఉద్యోగస్థుడు తన 34-28 తో తొక్కు మిక్కిలి తేలిక గేరు 1.21. దేహభారములో కిలోకు ఆరు వాట్ల శక్తిని కొండపై నిలుపగల మహాబలుడు తనకంటె తేలిక గేరు పెట్టుకొనియుండగా, అందులో సగము శక్తియు లేని మనవాడు 34 పళ్ళ బిళ్ళను చూచి "అది ముసలివారికి" అనుట వినోదకరము.

మన కొండల స్వభావమును కూడ తెలిసికొనవలెను. భారత రోడ్ల కాంగ్రెసు నియమముల ప్రకారము కొండప్రాంతపు దారులకు సాధారణముగా ఇరువదికి ఒకటి, అనగా నూటికి ఐదు ఏటవాలు ఉండదగును; తప్పనిచోట నూటికి ఆరు, మిక్కిలి తప్పనిచోట కొలదిదూరము నూటికి ఏడు వరకు పోవచ్చును. నిండు సరుకుతో లారీలు ఎక్కవలె గనుక ఈ నియమము. విశాఖపట్టణమునుండి అరకు లోయకు పోవు ఘాట్ రోడ్డువంటి పెద్దదారులు అందువలన పొడవుగా, సహనమును పరీక్షించుచు సాగునే గాని ఆంగ్లీరువలె గోడయై నిలువవు. లారీల నిమిత్తముగాక, కోటలకో, గుడులకో, దొరల వేసవి విడుదులకో వేసిన దారుల సంగతి వేరు. బెంగుళూరిలోని తెలుగువారు సెలవుదినములందు ఎక్కు నంది కొండ శిఖరము 1,478 మీటర్ల యెత్తున నున్నది. దాని మలుపులలో కొన్నిచోట్ల నూటికి పది దాటును. అట్టి మలుపు లోపలి అంచు, పొడవు తక్కువై ఎత్తు అంతయే యగుటచే, నడిమి దారికంటె మరింత నిటారుగ నుండును. ఎడమకు తిరుగు మలుపులో ఎడమప్రక్కన పోవు సైకిలిస్టునకు దక్కునది ఆ అంచే. సగటు ఏటవాలు చూచి గేరు నిర్ణయించుకొన్నవారు ఇట్టి అర కిలోమీటరుననే దిగుదురు. కొండలోని మిక్కిలి నిటారైన కిలోమీటరును బట్టియే పళ్ళను ఎన్నుకొనవలెను.

ఇక ఎంత తేలిక గేరు కావలెనను ప్రశ్నకు వచ్చెదను. వారమునకు మూడు నాలుగు మార్లు తొక్కు ఆరోగ్యవంతుడగు మధ్యవయస్కుడు గంటసేపు నిలుపగల శక్తి 150 వాట్లని పెట్టుకొందము. మన 85 కిలోల భారముతో అతడు నూటికి ఐదు దారిపై గంటకు ఇంచుమించు 11 కిలోమీటర్లు ఎక్కును. 34-28 తో నిమిషమునకు 72 చుట్లు పడును. ఏ ఇబ్బందియు లేదు. నూటికి పది దారికి వచ్చునప్పటికి, ప్రతి కిలోమీటరు వేగమునకును సుమారు 25 వాట్లు కావలె గనుక, అతని వేగము 6 కిలోమీటర్లకు దిగును. అదే 34-28 తో చుట్లు 39 కి పడిపోవును. 34-34 తో 48, 30-34 తో 54. కావున లారీలు పోవు ఘాట్ రోడ్లకే పరిమితమైనవానికి 50-34 క్రాంకుతో వెనుక 28 గాని 30 గాని సరిపోవచ్చును. నంది కొండవంటివాని నెక్కదలచినవానికి 34 కనీసము. సంచులు కట్టుకొని దూరప్రయాణములు చేయువానికిని, బ్రెవేలనబడు 200 మొదలు 600 కిలోమీటర్ల దూరపు సవారీలలో రాత్రివేళ అలసిన కాళ్ళతో కొండను చేరువానికిని, దేహము బరువైనవానికిని ముందు 30 కావలెను. నూరు కిలోమీటర్లు తొక్కిన తరువాతి కాళ్ళను ఉద్దేశించి గేరు కొనవలెనే గాని, ఉదయమున ఇంటినుండి బయలుదేరు కాళ్ళను ఉద్దేశించి కాదు.

మిక్కిలి తేలిక యగుటకును ఒక హద్దు కలదు. వేగము గంటకు ఐదు కిలోమీటర్లకు దిగినచో సైకిలును నిలకడగా నడుపుటయే కష్టమగును. నడచిపోవువాడు ప్రక్కన ముచ్చటలాడుచు రాగలడు. అందుచేత రోడ్డు సైకిలుకు 0.8 కి తక్కువ నిష్పత్తి అరుదుగా నుపయోగపడును.

తేలిక గేరునకు రెండు త్రోవలు: వెనుక పళ్ళు పెంచుట, ముందు పళ్ళు తగ్గించుట. వెనుక పెంచుటయే మొదట ఆలోచింపదగినది. క్యాసెట్ వెల క్రాంకు వెలకంటె సామాన్యముగా తక్కువ, పనియు సులువు. కాని ప్రతి డీరైలర్‌కును ఒక శక్తిపరిమితి యుండును. పదకొండు గేర్ల షిమానో 105 ఆర్7000 ను ఉదాహరణగా తీసికొందము. దాని షార్ట్ కేజ్ డీరైలర్ వెనుక 30 పళ్ళ బిళ్ళవరకే మోయును. మీడియం కేజ్ డీరైలర్ 34 వరకు పోవును. డీరైలర్ క్రింద వ్రేలాడు రెండు చిన్న చక్రముల చట్రమే కేజ్. అది ఎంత పొడవైన అంత ఎక్కువ వదులు చైనును చుట్టుకొనగలదు. ముందరి రెండు చక్రముల పళ్ళ తేడాను, వెనుకటి చిన్న పెద్ద బిళ్ళల పళ్ళ తేడాను కూడినచో ఎంత వదులును చుట్టవలెనో తెలియును: 50-34 తో 16, 11-30 తో 19, మొత్తము 35, షార్ట్ కేజ్‌కు సరిగా అదియే హద్దు; 11-34 తో 23, మొత్తము 39, మీడియం కేజ్‌కు సరిగా అంతే. తయారీదారులు ఈ హద్దులను కొంత జాగ్రత్తతో వ్రాయుదురనియు, ఒకటి రెండు పళ్ళు మించినను పనిచేయుననియు మెకానిక్కులు చెప్పుమాట తరచు నిజమే. అయినను మీడియం కేజ్ డీరైలర్ కొనుటకు డబ్బున్నవాడు ఆ ప్రయోగమునకు దిగుట నాకు సమ్మతము కాదు. డీరైలర్‌ను క్రిందికి దించు చిన్న లింకు ముక్కలు కూడ బజారున దొరకును. అవి పనిచేయును గాని గేరు మార్పిడి చురుకుదనము కొంత తగ్గును.

క్యాసెట్ పెద్దదైనచో చైను కూడ పొడవు కావలెను. ఈ ఒక్క విషయమున అశ్రద్ధ ప్రమాదకరము. పాత పొట్టి చైనునే ఉంచి, పొరపాటున ముందు పెద్దచక్రము వెనుక పెద్దబిళ్ళ కలిపినచో, చైను బిగిసి డీరైలర్‌ను విరుచును. ఒక్కొక్కప్పుడు ఫ్రేముకు డీరైలర్‌ను పట్టియుంచు హ్యాంగర్‌ను కూడ వంచును. అందుకే చైనును డీరైలర్‌గుండా పోనీయక, ముందు పెద్దచక్రముపైనుండి వెనుక పెద్దబిళ్ళపైకి చుట్టి, కొనలు కలియుచోటినుండి మరి రెండు లింకులు చేర్చి త్రెంచు పద్ధతి యేర్పడినది. చైను ఇదివరకే అరిగి సాగియున్నచో క్రొత్త క్యాసెట్ పళ్ళపై సరిగా నిలువక జారవచ్చును, అదియు బలముగా నొక్కు కొండపైననే; కావున రెండును ఒకేనాడు మార్చుట మేలు. 11-34 క్యాసెట్లలో హెచ్‌జి700, హెచ్‌జి800 అనువానిని పదకొండు గేర్ల రోడ్డు హబ్బుపై ఎక్కించునప్పుడు వెనుక 1.85 మిల్లీమీటర్ల సన్నని స్పేసర్ వేయవలెను. పాత పది గేర్ల హబ్బుపై అది లేకుండనే సరిపోవుట వీని యందలి సౌలభ్యము. పది గేర్ల పాత షిమానో రోడ్డు గేరుమీటలు గలవారు తొమ్మిది గేర్ల కొండసైకిలు డీరైలర్‌ను తగిలించుకొని పెద్ద క్యాసెట్‌ను వాడవచ్చును; పది గేర్ల కొండసైకిలు డీరైలర్ మాత్రము, పేరున పది యున్నను, తీగను లాగు కొలత వేరగుటచే వారికి పనికిరాదు.

పెద్ద క్యాసెట్‌కు ఒక లోపము కలదు. 11-28 లో 11, 12, 13, 14, 15 అని మెట్లు దగ్గరగా సాగి, 17, 19, 21, 23, 25, 28 తో ముగియును. 11-34 లో 11, 13, 15, 17 అని మొదటినుండియు రెండేసి పళ్ళ అంతరము. చివర 27, 30, 34. చదునుదారిన గుంపులో వేగముగా పోవునప్పుడు 14 గాని 16 గాని కావలసినచోట అది లేక కాళ్ళకు కొంచెము కొరతగా తోచును. పందెగానికి ఇది పెద్ద కొరత. ఒంటరిగా తిరుగువానికి రెండు వారములలో మరుపునకు వచ్చు కొరత. పన్నెండు గేర్ల సైకిళ్ళలో 11 మొదలు 15 వరకు ఒక్కొక్క పన్నుగా పోయి 34 తో ముగియు క్యాసెట్ వచ్చుటతో ఈ తగవు చాలవరకు తీరినది.

ముందు పళ్ళు తగ్గింపదలచినవారికి క్రాంకుపై బోల్టులు అమరిన వృత్తపు వ్యాసము అడ్డుపడును. పాత 53-39 క్రాంకులకు అది 130 మిల్లీమీటర్లు; దానిపై 38 కి తక్కువ పళ్ళ చక్రము పట్టదు. ఎవరెన్ని చెప్పినను దానికి 34 తగిలించుట అసాధ్యము, క్రాంకునే మార్చవలెను. కాంపాక్ట్ క్రాంకు వ్యాసము 110 మిల్లీమీటర్లు. దానిపై 34 ఎక్కును, 30 ఎక్కదు. 46-30 కావలెనన్న దానికై చేసిన వేరు క్రాంకు కొని, ముందరి డీరైలర్‌ను కొంచెము క్రిందికి దింపుకొనవలెను. ఫ్రేముపై దానిని తగిలించు చోటు అంతవరకు దిగునో లేదో కొనకముందే చూచుకొనవలెను. ఒకప్పుడు 50-39-30 అని మూడు చక్రముల క్రాంకులు విరివిగా నుండెడివి. వానిని నేడు మొరటుగా భావించి తయారీదారులు చాలవరకు మానివేసిరి. దూరప్రయాణములు చేయువానికి అంతకంటె ఉపకారి యగు ఏర్పాటు మరియొకటి లేదని నా యభిప్రాయము.

ముందు 46 కు తగ్గించినచో వేగము పోవునను భయము చాలమందికి కలదు. లెక్క చూతము. 46-11 తో నిమిషమునకు 90 చుట్లు తొక్కిన గంటకు 47 కిలోమీటర్లు. 50-11 తో 51.5. చదునుపై గంటకు 47 కిలోమీటర్లతో ఒంటరిగా పోగలవానికి ఈ వ్యాసముతో పనిలేదు. ఘాట్ దిగుచు అంతకు మించిన వేగమున పెడలు తొక్కువానికి గేర్లతో గాక బ్రేకులతో పని. సైకిలు బరువునందలి మోజు కూడ ఇట్టిదే. ఎంతయో వెచ్చించి సైకిలులో ఒక కిలో తగ్గించుకొన్నచో, 85 కిలోల మొత్తములో అది నూటికి ఒకటికి కొంచెము పైమాట. 28 పళ్ళ బిళ్ళకు బదులు 34 పెట్టుకొన్నచో అదే వేగమున పెడలుపై మోపు బలము నూటికి పదునెనిమిది వంతున తగ్గును. అయినను దుకాణమునకు వచ్చినవారు సైకిలును ఒక చేత లేపి చూతురే గాని, వంగి పళ్ళు లెక్కింపరు.

అమర్చుకొన్న గేరును వాడుటలో ఒక చిన్న వివేకము చాలును. ఏటవాలు కాళ్ళకు బరువుగా తోచకముందే, పెడళ్ళు ఇంకను తేలికగా తిరుగుచున్నప్పుడే, ముందరి చిన్నచక్రమునకు దిగవలెను. కొండ మధ్య బలమంతయు చైనుపై నుండగా ముందరి గేరు మార్చినచో అది పట్టక క్రిందికి జారిపడుటయు కలదు. వెనుక బిళ్ళలు మాత్రము అరక్షణము నొక్కుడు సడలించినచో ఎక్కడనైనను మారును. నిటారైన మలుపు కనబడగానే ఒక బిళ్ళ ముందుగా ఎక్కించి పెట్టుకొనుట అలవాటు చేసికొనవలెను. చిట్టచివరి బిళ్ళను మాత్రము అత్యవసరమునకై మిగిల్చుకొందుమని పట్టుబట్టి మోకాళ్ళు నొప్పించుకొనువారి నీతి నాకు బోధపడదు.

క్యాసెట్ మార్చుకొన్న పిమ్మట పాత 11-28 ను పారవేయనక్కరలేదు. మీడియం కేజ్ డీరైలర్ 28 మొదలు 34 వరకు ఏ పెద్దబిళ్ళనైనను పట్టును. కొండలులేని గోదావరి కాలువగట్లపై కొంతకాలము తిరుగవలసివచ్చినప్పుడు, క్రొత్త పొడవు చైనును అట్లే యుంచి పాత క్యాసెట్‌ను తిరిగి వేసికొనవచ్చును. దానిని విప్పుటకు చైన్ విప్ యను పట్టుకొయ్యయు, లాక్‌రింగ్ విప్పు చిన్న సాధనమును, ఒక స్పానరును ఉన్నచో ఇంటివద్దనే పని ముగియును; ఆపైన డీరైలర్ వెనుక నుండు బి-స్క్రూను సరిచేసి, పైచక్రము పెద్దబిళ్ళకు రాచుకొనక, మరీ దూరమును గాక యుండునట్లు చూచుకొన్నచో, గేర్లు పూర్వమువలె చురుకుగా మారును.